బెంగళూరులో ఫ్లాట్ కొనేటప్పుడు బ్రోకర్ కమిషన్ ఎలా మిగుల్చుకోవాలి: మేం చేసిన పద్ధతి

ముందు లెక్క చెప్తా, తర్వాత పద్ధతి. బెంగళూరులో రీసేల్ ఫ్లాట్ కొంటే బ్రోకర్ మామూలుగా కొనేవాళ్ళ దగ్గర ఒక శాతం, అమ్మేవాళ్ళ దగ్గర ఒక శాతం అడుగుతాడు, కొంతమంది మొహమాటం లేకుండా రెండ్రెండు శాతం అంటారు. ఇది ఏ చట్టంలోనూ రాసిన రేటు కాదు, వాడుకలో నడుస్తున్న రేటు, కాబట్టి బేరం ఆడొచ్చు అని ముందు బుర్రలో పెట్టుకోండి. మేం కొన్న టూ బీహెచ్‌కే కుందలహళ్ళి వైపు, 85 లక్షలు. రెండు శాతం అంటే లక్షా 70 వేలు, జీఎస్టీ ఉన్న ఏజెంట్ అయితే దాని మీద 18 శాతం అంటే ఇంకో 30,600, మొత్తం రెండు లక్షల 600 రూపాయలు. కొత్తింట్లోకి ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, రెండు మంచాలు, చిమ్నీ అన్నీ కొన్నా మాకు అంత కాలేదు.

ఇంకోటి, రిజిస్ట్రేషన్ ఖర్చే ఇప్పుడు నడ్డి విరుస్తోంది. 45 లక్షలు దాటిన ఫ్లాటుకి కర్ణాటకలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి కలిపితే సిటీలో 5.6, రిజిస్ట్రేషన్ ఫీజు ఇదివరకు 1 శాతం ఉండేది 2025 ఆగస్టు 31 నుంచి 2 చేశారు, వెరసి 7.6 శాతం. 85 లక్షలకి 6 లక్షల 46 వేలు. అది గవర్నమెంటుకి కట్టేది, అందులో పైసా తగ్గదు, తగ్గేది బ్రోకర్ దగ్గరే.

అసలు బ్రోకర్ చేసే పనులు ఏంటో విడదీసి చూస్తే మూడే మూడు: ఇల్లు చూపించడం, రేటు దగ్గర ఇద్దర్నీ కూర్చోబెట్టడం, కాగితాల కోసం తిరగడం. మూడిటికీ కలిపి శాతం లెక్కన ఇస్తున్నాం. మొదటిది మనం చేసుకోవచ్చు, రెండోది కొంచెం తెగువుంటే చేసుకోవచ్చు, మూడోదాన్లో సగం లాయర్‌కి ఫిక్స్‌డ్ ఫీజు ఇచ్చి చేయించుకోవచ్చు. నేను చెప్పేది ఇంతే, మిగతాదంతా ఎలా అనేది.

ఏరియా చిన్నగా పెట్టుకోండి

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపూర్ రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ అని నాలుగు దిక్కులా చూస్తే బ్రోకర్ లేకుండా మీ వల్ల కాదు, ముందే చెప్తున్నా. మేం మొదటి రెండు నెలలు అదే తప్పు చేశాం, శని ఆదివారాలు ట్రాఫిక్‌లోనే అయిపోయేవి. తర్వాత మా ఆవిడే తెగేసి చెప్పింది, పర్పుల్ లైన్ మెట్రో స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరం, పిల్ల స్కూలు మారకూడదు, ఇంతే, ఇంకెక్కడా వద్దు అని. మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా కలిసింది 2023 అక్టోబర్‌లో, అప్పట్నుంచి ఆ స్టేషన్ల పక్క రేట్లు ఎలాగూ దిగట్లేదు, కానీ ఏరియా చిన్నదైతే ఓ పదిహేను అపార్ట్‌మెంట్ల పేర్లు నోటికొచ్చేస్తాయి, ఏ బిల్డింగ్‌కి ఓసీ (ఇల్లు ఉండటానికి పనికొస్తుందని కార్పొరేషన్ ఇచ్చే సర్టిఫికెట్) ఉంది ఏది లేదు, ఎక్కడ నీళ్ళు బాగున్నాయి అన్నీ తెలుస్తాయి. బ్రోకర్ దగ్గరుండే తెలివి అదే మరి, వేరే మంత్రమేం లేదు.

ఓనర్‌ని పట్టుకోవడం

నోబ్రోకర్, 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, హౌసింగ్ ఇవన్నీ మీకు తెలిసినవే, ఓనర్ పెట్టిన యాడ్లు విడిగా చూసుకోవచ్చు. కాకపోతే రెండు మాటలు. ఒకటి, బ్రోకరేజ్ లేదన్న చోట కూడా కొన్ని నంబర్ల తర్వాత ప్లాన్ కొనమంటారు, కొనడం తప్పు కాదు, కొన్ని వేలతో పోతుంది, కానీ ఏరియా ఖాయం చేసుకున్నాకే కొనండి, లేకపోతే గడువు ఊరికే కరిగిపోతుంది. రెండోది, ఓనర్ అని పెట్టిన యాడ్లలో బ్రోకర్లే బోలెడుమంది ఉంటారు. ఒకాయన నాతో పది నిమిషాలు ఓనర్ లాగానే మాట్లాడాడు, మా నాన్న కొన్నాడు సార్ అని కూడా అన్నాడు, చివర్లో మా ఆఫీసుకి రండి అన్నాడు.

దానికి నేను కనిపెట్టిన మందు ఏందంటే, ఫోన్ ఎత్తగానే రేటు అడగొద్దు. మెయింటెనెన్స్ నెలకి ఎంత కడుతున్నారండీ, కావేరి కనెక్షనా బోరా, 2024 ఎండాకాలంలో ట్యాంకర్లకి అదనంగా ఎంత కట్టించుకున్నారు అని అడగండి. ఆ ఎండాకాలం బెంగళూరులో నీళ్ళ గోల ఎలా నడిచిందో ఇక్కడున్న ప్రతి ఓనర్‌కీ గుర్తుంది, గుక్క తిప్పుకోకుండా చెప్తాడు, అసోసియేషన్‌ని తిడతాడు కూడా. బ్రోకర్ అయితే కనుక్కుని చెప్తా సార్ అంటాడు, అంతే, దొరికిపోయాడు. అద్దెకిచ్చేసి వేరే ఊళ్ళో ఉండే ఓనర్లు మాత్రం నిజంగానే తెలియదంటారు, అందుకని ఇంకో ప్రశ్న దగ్గర పెట్టుకోండి, ఈ-ఖాతా, అంటే కార్పొరేషన్ రికార్డులో ఇంటికుండే ఆన్‌లైన్ ఖాతా, ఎవరి పేరు మీద ఉంది అని.

ఇప్పుడు ఆన్‌లైన్ కాని దారి. నిజానికి మాకు ఫ్లాట్ దొరికింది ఇక్కడే. ఆదివారం పొద్దున్నే ఏడున్నరకి నేనూ మా ఆవిడా వాకింగ్ లాగా బయల్దేరి ఒక్కో గేటు దగ్గర ఆగి సెక్యూరిటీని అడిగేవాళ్ళం. సెక్యూరిటీ వాళ్ళు కొందరికి బ్రోకర్లతో లింకు ఉంటుంది, ఫోన్ చేసి పిలిచేస్తారు, అది చూసుకోండి. మాకు పనికొచ్చింది మూలమీద ఇస్త్రీ బండి ఆయన. చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చి నిలబడి ఉంటే మా ఇద్దరి మాట విని, "ఏ ఊరన్నా మీది?" అని తెలుగులోనే అడిగాడు, మదనపల్లె అని చెప్తే ఆయనది పుంగనూరు. ఇంకేముంది. బొగ్గుల పెట్టె పక్కన పెట్టి బట్టల మూటల మీద చాక్‌పీస్‌తో రాసున్న ఫ్లాట్ నంబర్లు చూపిస్తూ, "ఈ 304 వాళ్ళు పోయిన నెల నుంచి బట్టలే ఎయ్యట్లేదన్నా, ఖాళీ చేసేసినారు, ఓనరు హైదరాబాదులో ఉంటాడు, అమ్మేస్తానని వాచ్‌మన్‌తో అన్నాడంట" అన్నాడు. ఓనర్ నంబర్ ఆయన దగ్గర లేదు, అసోసియేషన్ సెక్రటరీ దగ్గర తీసుకున్నాం. ఆ 304లోనే ఇప్పుడు ఉంటున్నాం. ఇస్త్రీ ఆయనకి గృహప్రవేశం రోజు పది వేలు, బట్టలు పెట్టాం, ముందు ససేమిరా అన్నాడు.

అలాగే ఆఫీసులో ఉండే కొనే-అమ్మే గ్రూపులు, అపార్ట్‌మెంట్ యాప్‌లో నోటీసు బోర్డు, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులు వదలొద్దు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టూ ఉన్నంత తెలుగు గ్రూపులు మన జిల్లాల్లో కూడా ఉండవేమో. ఆ అపార్ట్‌మెంట్‌లోనే అద్దెకుండే ఫ్రెండ్ ఒకడుంటే చాలు, లోపల గ్రూపులో "మా ఫ్రెండ్ కొనాలనుకుంటున్నాడు, డైరెక్ట్ ఓనర్లు మాత్రమే" అని ఒక్క మెసేజ్ పెట్టించండి. దానికి ఖర్చేం లేదు, మహా అయితే వాడికో బిర్యానీ.

బ్రోకర్ చూపించిన ఫ్లాట్‌ని వెనక నుంచి కొనొద్దు

దీని మీద నా మాట కొంతమందికి నచ్చదు. బ్రోకర్ టైం పెట్టి, పెట్రోల్ పోసుకుని చూపించిన ఇంటికి మళ్ళీ ఓనర్‌ని విడిగా కలిసి కొనేస్తే అది మిగుల్చుకోవడం కాదు, ఎగ్గొట్టడం. పైగా ఆ బ్రోకర్ ఓనర్‌కి కూడా తెలిసినవాడే అవుతాడు, రిజిస్ట్రేషన్ రోజు గొడవకి వస్తాడు. అందుకే ఏ బ్రోకర్‌తో ఏ ఇల్లు చూసినా తారీఖుతో రాసి పెట్టుకోండి, మీరు ముందే సొంతంగా చూసిన ఇల్లు అయితే "ఇది మేం ఓనర్‌తో మాట్లాడుతున్నాం" అని వెళ్ళకముందే మెసేజ్ పెట్టండి. అది లేకపోతే తర్వాత నేనే చూపించా అంటాడు.

ఇదే ఇంకో వైపు నుంచి కూడా జరుగుతుంది. ఒక బ్రోకర్ మాకు ఒక ఫ్లాట్ 92 అని చెప్పాడు, చివరి మాట సార్ అన్నాడు. రెండు వారాల తర్వాత అదే బిల్డింగ్ వాళ్ళతో మాటల్లో తెలిసింది, ఓనర్ అడిగేది 87 అని. మధ్యలో ఐదు ఎవరికో, దాని మీద మళ్ళీ కమిషన్. అందుకని బ్రోకర్ ఉన్నా సరే, రేటు మాట మాత్రం ఓనర్‌తో ఎదురెదురుగా కూర్చునే మాట్లాడతాం అని మొదటి రోజే చెప్పేయండి.

రేటు మాట్లాడటం

మధ్యలో మనిషి లేకపోతే అడగటానికి మొహమాటం, అది నిజం. కానీ చేతిలో కాగితం ఉంటే నోరు దానంతట అదే లేస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ కావేరి పోర్టల్‌లో లాగిన్ అయ్యి ఈసీకి (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అప్లై చేయండి, ఆ ఫ్లాట్ మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు అందులో వస్తాయి, ఓనర్ ఏ సంవత్సరంలో ఎంత రాయించి కొన్నాడో కూడా కనబడుతుంది. రాయించింది నిజంగా ఇచ్చిందాని కంటే తక్కువ ఉండొచ్చు, అయినా ఒక అందాజా. అదే పోర్టల్‌లో గైడెన్స్ వాల్యూ, అంటే ప్రభుత్వం కట్టిన రేటు, కూడా చూసుకోండి, మన ఆంధ్రాలో మార్కెట్ వాల్యూ అంటామే, ఇక్కడ దాన్ని ఇలా అంటారు.

ఇంకో సంగతి, కమిషన్ మిగిలితే అది మీకే మిగిలింది అనుకోవద్దు. ఓనర్ కూడా అదే లెక్క వేసుకుంటాడు, నాకు బ్రోకర్ లేడు కాబట్టి నా ఒక శాతం నాది అని. నేను సూటిగానే అడిగా: "అంకుల్, మీకు 85 వేలు మిగిలింది, నాకు 85 వేలు మిగిలింది, మీది నాకు ఇచ్చేయండి, అసోసియేషన్ బాకీ, లాయర్ ఖర్చు నేను చూసుకుంటా." ఆయన నవ్వేసి సగం తగ్గించాడు. అసోసియేషన్ బాకీ చూస్తే నాలుగు వేలే ఉంది.

కాగితాలు: ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు

బ్రోకర్‌ని తీసేసిన డబ్బులో కొంచెం లాయర్‌కి పెట్టండి. మా దగ్గర కాగితాలు చూసి రాతపూర్వకంగా ఒపీనియన్ ఇవ్వడానికి, సేల్ అగ్రిమెంట్, సేల్ డీడ్ రాయడానికి అన్నీ కలిపి 25 వేలు తీసుకున్నారు, రెండు శాతంతో పోలిస్తే అదెంత. లోన్ ఇచ్చే బ్యాంకు లాయర్ ఎలాగూ చూస్తాడు కదా అంటారు, ఆయన చూసేది బ్యాంకు కోసం, మీ కోసం ఇంకొకరు చూడాలి.

లాయర్ దగ్గరికి పోకముందే మీరే అడిగి పెట్టుకోవాల్సినవి చెప్తా. ఓనర్ సేల్ డీడ్, అంతకుముందు లింక్ డాక్యుమెంట్లు, భూమి డీసీ కన్వర్షన్ (వ్యవసాయ భూమిని ఇళ్ళకి మార్చడం) అయిన ఆర్డరు, శాంక్షన్ ప్లాను, ఓసీ, ఈ-ఖాతా, కట్టిన ప్రాపర్టీ టాక్స్ రసీదులు, ఈసీ. ఈసీ ఆన్‌లైన్లో 2004 నుంచే సులువుగా వస్తుంది, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగాలి, ఫ్లాట్ తర్వాత కట్టిందైనా భూమి చరిత్ర కోసం అది అవసరం పడొచ్చు. ఈ-ఖాతా లేకుండా బెంగళూరులో ఇప్పుడు రిజిస్ట్రేషన్ జరగదు, 2024 నుంచి పెట్టిన రూలు, కాబట్టి "ఖాతా ఉంది సార్, ఈ-ఖాతా వచ్చేస్తుంది" అంటే వచ్చాకే అడ్వాన్స్ ఇస్తా అనండి. బీ ఖాతా (అనుమతులు పూర్తిగా సరిగ్గా లేని ఇళ్ళకి ఉండేది) అయితే రేటు తక్కువ అని చెప్పి అంటగట్టాలని చూస్తారు, మేం ఆ జోలికే పోలేదు.

అడ్వాన్స్ క్యాష్‌గా ఇవ్వొద్దు, ఆన్‌లైన్లో వేయండి, రసీదులో "బ్యాంకు లీగల్‌లో తేడా వస్తే మొత్తం వాపసు" అని రాయించండి. మధ్యవర్తి లేడు కాబట్టి రేపు మాట మారితే చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ ఒక్క కాగితమే.

ఓనర్‌కి ఆ ఫ్లాట్ మీద పాత లోన్ ఉంటే భయపడకండి, సగం ఫ్లాట్లకి ఉంటుంది, బ్రోకర్లు దీన్ని పెద్ద బ్రహ్మవిద్యలా చూపిస్తారు. ఓనర్ తన బ్యాంకు నుంచి రెండు కాగితాలు తేవాలి: ఇంకా ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటరు, వాళ్ళ దగ్గరున్న డాక్యుమెంట్ల లిస్టు. మీ బ్యాంకు ఆ బాకీ మొత్తానికి పాత బ్యాంకు పేరు మీద డీడీ ఇస్తుంది, మిగతాది ఓనర్‌కి. లోన్ తీరాక ఆ తనఖా రద్దు అయినట్టు రిజిస్టర్ చేయించి, ఈసీలో అది కనబడేదాకా ఓనర్‌ని వదలొద్దు, మాకు ఈ ఒక్క పనికే మూడు వారాలు పట్టింది.

టీడీఎస్ మర్చిపోయేరు. 50 లక్షలు, ఆ పైన ఉన్న ఇంటికి అమ్మేవాడికి ఇచ్చే డబ్బులో ఒక శాతం పట్టుకుని మీరే ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో కట్టాలి, పట్టుకున్న నెల అయిపోయాక 30 రోజుల్లోపు. మాది 85 వేలు, ఇది మన జేబులోంచి అదనం కాదు, ఓనర్ డబ్బులోంచే. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే ఈ ఒక శాతం లెక్క పని చేయదు, ఇంకా ఎక్కువ పట్టుకోవాలి, అప్పుడు మాత్రం సీఏ దగ్గరికి వెళ్ళండి.

బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ అయితే

ఇక్కడ ఆట వేరు. కొనేవాళ్ళని కమిషన్ అడగరు, బిల్డరే ఛానల్ పార్ట్‌నర్‌కి, అంటే తన ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్‌కి, ఇస్తాడు, అంటే అది ఫ్లాట్ రేటులోనే కలిసి ఉంటుంది. మీరు ఏదో ఒక సైట్‌లో ఫోన్ నంబర్ ఇచ్చారనుకోండి, ఆ లీడ్ ఎవరో ఏజెంట్ పేరు మీద పడిపోతుంది, తర్వాత మీరు నేరుగా వెళ్ళినా ఆయన తెచ్చిన కస్టమరే అంటారు. అందుకని ముందు ఎక్కడా నంబర్ ఇవ్వకుండా నేరుగా సేల్స్ ఆఫీసుకి వెళ్ళి, "ఏజెంట్ ఎవరూ లేరు, ఆ డబ్బు రేటులో తగ్గించండి" అని అడగండి. తగ్గించం అంటే కార్ పార్కింగ్, క్లబ్ హౌస్ ఛార్జీ ఇలాంటివేమైనా అడగండి. అక్కడ ఇప్పటికే కొన్నవాళ్ళు తెలిసుంటే వాళ్ళ రిఫరల్ మీద వెళ్ళండి, వచ్చే రిఫరల్ డబ్బు ఇద్దరూ పంచుకోవచ్చు.

బుక్ చేసేముందు కర్ణాటక రెరా (బిల్డర్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో ప్రాజెక్ట్ నంబర్ కొట్టి చూడండి. 2016 రెరా చట్టం ప్రకారం సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ పది శాతం మించి తీసుకోకూడదు. ఆ ప్రాజెక్టులు అమ్మిపెట్టే ఏజెంట్ కూడా రెరాలో రిజిస్టర్ అయి ఉండాలి, నంబర్ అడిగితే చాలామంది గొంతు మారిపోతుంది. ఓసీ రాని ఫ్లాట్‌కి మామూలుగా 5 శాతం జీఎస్టీ ఉంటుంది, ఓసీ వచ్చాక అమ్మేదానికి లేదు, కమిషన్ దగ్గర కొట్టుకునే ముందు ఈ తేడా చూసుకోండి, ఇదే పెద్దది.

బ్రోకర్ కావాల్సిందే అనుకుంటే

సైటు (ఖాళీ స్థలం) కొనేవాళ్ళు, వేరే ఊళ్ళో ఉండి కొనేవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళకి బాగోలేక తిరగలేనివాళ్ళు మంచి బ్రోకర్‌ని పెట్టుకోండి, నామోషీ ఏం లేదు. శాతం మాట వద్దు, "మొత్తం 50 వేలు, సగం అగ్రిమెంట్ రోజు, సగం రిజిస్ట్రేషన్ అయ్యాక, జీఎస్టీ ఉంటే కలిపే" అని ఇల్లు చూడకముందే వాట్సాప్‌లో పెట్టి ఓకే అనిపించుకోండి. నచ్చాక బేరం ఆడితే వినరు. టోకెన్ ఇచ్చిన రోజే మొత్తం కమిషన్ అడిగేవాడితో అక్కడే ఆపేయండి.

రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

కావేరిలో డీడ్ వివరాలు ఎక్కించడం, ఫీజు కట్టడం, స్లాట్ తీసుకోవడం అన్నీ మనమే చేసుకోవచ్చు, మా లాయర్ దగ్గరుండే కుర్రాడే చేసిపెట్టాడు. ఆ రోజు ఒరిజినల్ ఆధార్, పాన్, సాక్షులు ఇద్దరు. మా సాక్షుల్లో ఒకడు పాన్ కార్డు మర్చిపోయి మళ్ళీ ఇంటికి పరిగెత్తాడు, కాబట్టి ముందు రోజు రాత్రే అందర్నీ ఫోటో తీసి పంపమనండి. ఆఫీసు బయట "స్పీడ్‌గా చేయిస్తా సార్" అని చుట్టూ చేరతారు, స్లాట్ ఉంది అని చెప్పి లోపలికి నడవండి.

తర్వాత ఖాతా మీ పేరుకి మార్చుకోవడం, బెస్కామ్ కరెంటు మీటర్ పేరు మార్చుకోవడం, అసోసియేషన్‌లో పేరు ఎక్కించుకోవడం, ఒక్కోదానికి ఇంత అని అడిగేవాళ్ళు వస్తారు, మొదటి రెండూ ఆన్‌లైన్లో అయ్యే పనులే. ఇంకోటి, రిజిస్ట్రేషన్ రోజు సాయంత్రమే ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన పెట్టిన యాడ్లన్నీ తీయించండి. మేం తీయించలేదు. నెలన్నర తర్వాత నేను పాత నంబర్ల మీద ఎప్పుడో చేసిన ఎంక్వైరీ పట్టుకుని ఒక ఏజెంట్ ఫోన్ చేశాడు, కుందలహళ్ళిలో మంచి టూ బీహెచ్‌కే ఉంది సార్, మూడో ఫ్లోరు, ఓనర్ హైదరాబాదు, 89కి ఇప్పిస్తా అని. సోఫాలో కూర్చుని ఫోటోలు పంపమన్నా. మా వంటగదే.